టమాటా కట్, పాస్తా సాసు, చైనా నూడిల్సు: పోషక విలువల తులనము

టమాటాతో చేసిన సాసు ఆరోగ్యమునకు మంచిదా, చైనా వంటకము మంచిదా? ఈ ప్రశ్న ఇప్పుడు నగరములోని అనేక గృహములందు వినిపించుచున్నది. పిల్లలు నూడిల్సు కావలెనందురు. పెద్దలు వలదందురు. సీసాలో వచ్చు పాస్తా సాసు టమాటాయే కనుక అది మంచిదనియు, బండిమీది నూడిల్సులో ‘టేస్టింగ్ సాల్టు’ పడును కనుక అది చెడ్డదనియు ఒక తీర్పు వాడుకలో నున్నది. ఈ తీర్పులో కొంత నిజము కలదు. కాని దానికి చెప్పు కారణము మాత్రము సరియైనది కాదు. కారణము తప్పినచో జాగ్రత్త కూడ తప్పు చోటనే పడును. శంకింపవలసిన దానిని విడిచి, శంకింపనక్కరలేని దానిని చూచి భయపడుదుము.

మొదట కొలబద్ద యేదో నిర్ణయించుకొనవలెను. సాసు అనునది ఆదరువు. నూడిల్సు అనునది భోజనము. ఆదరువును భోజనముతో పోల్చుట పచ్చడిని పులిహోరతో పోల్చుట వంటిది. రెండు గ్రాముల లెక్కలు ప్రక్కప్రక్కన వ్రాసినంత మాత్రమున పోలిక కుదరదు. పళ్ళెమును పళ్ళెముతోనే పోల్చవలెను. సాసు క్రింద నున్న పాస్తానో అన్నమునో కూడ లెక్కలోనికి తీసికొనవలెను.

హైదరాబాదు పాతబస్తీలో ఈ పోలికకై ఇటలీ వరకు పోనక్కరలేదు. పాస్తా సాసునకు దగ్గరి చుట్టమని చెప్పదగిన వంటకము అచ్చటి ఇండ్లలోనే కలదు. అది ‘టమాటా కట్’. పండిన టమాటాలను ఉడికించి, మెదిపి, తొక్కలు గింజలు లేకుండ వడగట్టుదురు. వేయించిన శనగపిండిని అందులో కలిపి చిక్కపరచుదురు. అల్లము, వెల్లుల్లి, జీలకర్ర, కారము వేసి మరిగింతురు. ఆవాలు, ఎండుమిరపకాయలు, కరివేపాకుతో తాలింపు పెట్టి, ఉడికిన కోడిగ్రుడ్లను సగములుగా కోసి అందులో వేయుదురు. దీనిని అన్నములో కలుపుకొని తిందురు. పాస్తా సాసు చేయు పద్ధతియు ఇంచుమించు ఇట్టిదే. టమాటాను ఉల్లి, వెల్లుల్లి, ఆలివ్ నూనెతో సన్నని సెగపై చిక్కబడునంతవరకు ఉడికించి, తులసికి దగ్గరి బంధువైన బేసిల్ ఆకు వేయుదురు. ఇటలీవారు దానిని గోధుమ పాస్తాతో కలుపుదురు. మనము కట్‌ను అన్నముతో కలుపుదుము.

ఈ రెండింటికిని మూలమైన టమాటా మన దేశపు పంట కాదు. ఇటలీ పంటయు కాదు. దాని పుట్టిల్లు అమెరికా ఖండము. 16వ శతాబ్దములో స్పెయిన్ దేశస్థుల ద్వారా అది ఐరోపాకు చేరినది. మన దేశమునకు దానిని తెచ్చినవారు పోర్చుగీసువారు. తెలుగునాట కొన్ని ప్రాంతములవారు దానికి రామములగ యని పేరు పెట్టి తమదిగా చేసికొనిరి. నేడు మదనపల్లె విపణిలో టమాటా ధర పెరిగినచో, మీర్ ఆలం మండీలో కూరగాయలు కొనువారికి ఆ వేడి తగులుచున్నది.

ఇక చైనా వంటకము మాట. దీపములు వెలిగిన తరువాత వీధి మూలలలో పెద్ద మంటపై కడాయిలు మ్రోగుచుండగా తయారగు నూడిల్సు, ఫ్రైడ్ రైసు, గోబీ మంచూరియా మొదలగువానినే మనము ఈ పేరుతో పిలుచుచున్నాము. ఇవి చైనా దేశపు ఇండ్లలో వండుకొను వంటలు కావు. కలకత్తాలో స్థిరపడిన హక్కా చీనీయులు తమ పాకపద్ధతిని మన మసాలాలతో, మన కారముతో కలిపి పెంచిన శాఖ ఇది. చికెన్ మంచూరియాను 1975లో బొంబాయిలో నెల్సన్ వాంగ్ అను పాకనిపుణుడు కల్పించెనని చెప్పుదురు. మంచూరియా దేశమునకు దానితో పేరు మాత్రమే సంబంధము. చైనా గృహములలో ఆవిరిపై ఉడికించిన చేపలు, ఆకుకూరలు, సోయా పనీరు, పలుచని సూపులు విరివిగా నుండును. కనుక మన వీధిలోని బండిని చూచి ఒక మహాజాతి ఆహారమునంతటిని నిందించుట న్యాయము కాదు. ఇచ్చట మనము పోల్చుచున్నది మన పాతబస్తీ బండిమీది పళ్ళెమును మాత్రమే.

టమాటాలో నున్నదేమి? 100 గ్రాముల పచ్చి టమాటాలో 94 గ్రాముల వరకు నీరే. దాని నుండి లభించు శక్తి సుమారు 20 కేలరీలు. మాంసకృత్తులు ఒక గ్రాము మాత్రము. కావున టమాటా కడుపు నింపునది కాదు, కండ పెంచునది కాదు. దాని విలువ వేరొక చోట నున్నది. అందు సి-విటమిను 15 నుండి 25 మిల్లీగ్రాముల వరకును, పొటాషియము సుమారు 240 మిల్లీగ్రాములును ఉండును. దానికి ఎర్రని వన్నె నిచ్చు లైకోపీన్ అను వర్ణద్రవ్యము కూడ కలదు.

వండినప్పుడు ఈ మూడింటి గతి మూడు విధములుగా నుండును. సి-విటమిను వేడికి ఓర్వదు; ఎంత సేపు మరిగించిన అంత నశించును. పొటాషియము మంటకు చెడదు; నీటిని పారబోయనంతవరకు పాత్రలోనే యుండును. లైకోపీన్ మాత్రము వంట వలన మేలు పొందును. పచ్చి టమాటాలో అది కణముల గోడల నడుమ బంధింపబడి యుండును. ఉడికించినప్పుడు ఆ గోడలు సడలును. అది నూనెలో కరగు పదార్థము కనుక కొంచెము నూనె తోడైనచో శరీరము దానిని సులభముగా గ్రహించును. తాలింపు వేసిన టమాటా కట్, ఆలివ్ నూనెతో చేసిన పాస్తా సాసు, ఈ విషయములో పచ్చి టమాటా కంటె మేలైనవి.

అయితే లైకోపీన్‌ను ఔషధముగా పొగడు ప్రకటనలను నమ్మరాదు. 1995లో హార్వర్డు పరిశోధకులు టమాటా వంటకములు ఎక్కువగా తిను పురుషులలో ప్రోస్టేటు కాన్సరు కొంత తక్కువగా నున్నట్లు ప్రకటించిరి. దానిపై గొప్ప ఆశలు పుట్టెను. కాని 2005లో అమెరికా ఆహార ఔషధ సంస్థ సాక్ష్యములన్నిటిని పరిశీలించి, టమాటాల విషయములో ఆధారము మిక్కిలి పరిమితమని తేల్చెను. టమాటా మంచి కూరగాయ; అంతకు మించి మందు కాదు.

మన ఇండ్లకు దగ్గరి ప్రయోజనము మరియొకటి కలదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశములో 15 నుండి 49 ఏండ్ల లోపు స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనతతో నున్నారు. పప్పులు, ఆకుకూరలు, ధాన్యములలోని ఇనుమును శరీరము కొద్దిగా మాత్రమే గ్రహించును. అదే భోజనములో సి-విటమిను ఉన్నచో ఆ గ్రహణము హెచ్చును. కావున కట్ దింపిన తరువాత కొంత నిమ్మరసము పిండుటయో, ప్రక్కన పచ్చి టమాటా ముక్కలు పెట్టుటయో చేసినచో, మంటలో పోయిన దానిని కొంతవరకు తిరిగి పొందవచ్చును.

ఇప్పుడు పళ్ళెముల లెక్క చూతము. ఇవి ఇంటి కొలతలతో వేసిన ఉజ్జాయింపులు; వండు చేతిని బట్టి మారును. ఒక కిలో టమాటాలు, మూడు పెద్ద చెంచాల నూనె, నాలుగు పెద్ద చెంచాల శనగపిండితో చేసిన కట్‌ను ఐదుగురు పంచుకొందురనుకొందము. ఒక్కొక్కరికి సుమారు 140 కేలరీలు వచ్చును. ఒక కోడిగ్రుడ్డు చేరినచో మరి 70 కేలరీలు, 6 గ్రాముల మాంసకృత్తులు. 150 గ్రాముల అన్నము వలన దాదాపు 200 కేలరీలు. మొత్తము 400 కేలరీల పైచిలుకు. ఇందు ప్రతివారికి 200 గ్రాముల కూరగాయ అందినది.

పాస్తా పళ్ళెములో 75 గ్రాముల ఎండు పాస్తా, అరకప్పు సాసు ఉన్నవనుకొందము. అదియు సుమారు 350 కేలరీలు. గట్టి గోధుమతో చేసిన పాస్తాలో మాంసకృత్తులు అన్నములో కంటె ఎక్కువ. ఈ పళ్ళెములో అవి 10 గ్రాముల దరిదాపున ఉండును. అది నెమ్మదిగా అరుగును కనుక రక్తములో చక్కెర ఒక్కసారిగా పెరగదు. ఇది దానికొక మంచి గుణము.

బండిమీది నూడిల్సు పళ్ళెములో 250 గ్రాముల ఉడికిన నూడిల్సు వలన సుమారు 350 కేలరీలు వచ్చును. నూనె రెండు పెద్ద చెంచాలైన 240 కేలరీలు. క్యాబేజి, కేరట్ పిడికెడు. మొత్తము 600 కేలరీలు దాటును. ఈ నూడిల్సు మైదాతో చేసినవి. 100 గ్రాముల గోధుమపిండిలో పీచు 11 గ్రాముల వరకు ఉండగా, మైదాలో 3 గ్రాములకు లోపుగనే యుండును. గోబీ మంచూరియాలో కాలీఫ్లవరు ఉన్న మాట నిజమే. కాని దానిపై పిండి తొడిగి నూనెలో వేయించుటచేత కూరగాయ కంటె నూనెయే ముందు లెక్కకు వచ్చును. దాని ఎర్రదనము టమాటా ఎర్రదనము కాదు. తరచుగా అది కలిపిన రంగు. కర్ణాటక ప్రభుత్వము 2024 మార్చిలో గోబీ మంచూరియాలో కృత్రిమపు రంగులను నిషేధించుటకు ఇట్టి రంగులే కారణము.

అయినను బండివాని పాకములో ఒక సుగుణము కలదని ఒప్పుకొనవలెను. పెద్ద మంటపై రెండు మూడు నిమిషములలో కూరగాయలను త్రిప్పి దింపుట వలన వాని కరకరయు, సి-విటమినులో అధిక భాగమును మిగులును. గంటసేపు మరిగిన సాసులో ఈ లాభము లేదు. లోపము పద్ధతిలో లేదు; కూరగాయలు పిడికెడే యుండుటలో ఉన్నది.

ఇక టేస్టింగ్ సాల్టు. 1908లో జపాను శాస్త్రవేత్త కికునే ఇకెడా, సముద్రపు నాచుతో కాచిన రసమునకు అంత రుచి యేల వచ్చుచున్నదని పరిశోధించి, గ్లూటమేటు అను పదార్థమును వేరుచేసెను. మరుసటి సంవత్సరమే అది ‘అజినమోటో’ అను పేరుతో అమ్మకమునకు వచ్చెను. ఆ పేరునకు రుచికి సారమని అర్థము. 1968లో రాబర్ట్ హో మన్ క్వాక్ అను వైద్యుడు అమెరికాలోని ఒక వైద్యపత్రికకు లేఖ వ్రాసెను. చైనా భోజనశాలలలో తినిన తరువాత తనకు మెడ తిమ్మిరి, గుండెదడ కలుగుచున్నవనియు, వంటలో వాడు మద్యమో, గ్లూటమేటో, అధికమైన ఉప్పో కారణము కావచ్చుననియు ఆయన సందేహించెను. లోకము గ్లూటమేటును పట్టుకొని ఉప్పును విడిచిపెట్టెను. తరువాత జరిగిన పరీక్షలలో, మామూలుగా ఆహారములో పడు మోతాదు వలన అట్టి బాధలు నిలకడగా కనిపింపలేదు. ఆహారము లేకుండ ఒక్కసారిగా 3 గ్రాములు, అంతకు మించి తీసికొన్న కొందరికి మాత్రము తలనొప్పి వంటివి కొద్దిసేపు కలుగవచ్చును.

మరియొక విశేషము గమనింపదగినది. ఇదే గ్లూటమేటు పండిన టమాటాలో సహజముగా నున్నది: 100 గ్రాములకు సుమారు 150 నుండి 250 మిల్లీగ్రాములు. టమాటా కట్ నాలుకకు అంత కమ్మగా తోచుటకు పులుపొక్కటే కాదు, ఇదియు కారణము. తల్లిపాలలో కూడ ఇది కలదు. బండిమీది పొడిని విషమని, కట్‌ను అమృతమని చెప్పువారు ఒకే పదార్థమునకు రెండు పేర్లు పెట్టుచున్నారన్నమాట.

అట్లయిన శంకింపవలసినదేది? అది మన యింటి ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయము ప్రకారము పెద్దవారు దినమునకు 5 గ్రాములకు లోపుగా ఉప్పు తినవలెను. అనగా సోడియము 2000 మిల్లీగ్రాములు. ఒక చిన్న చెంచాతో ఆ హద్దు పూర్తియగును. పిల్లల హద్దు ఇంకను తక్కువ. సోయా సాసు ఒక పెద్ద చెంచాలో సోడియము సుమారు 900 మిల్లీగ్రాములు. ఉప్పు లెక్కలో రెండుంబావు గ్రాములు. దానిపై అరచెంచా ఉప్పు వేసినచో మరి రెండున్నర గ్రాములు. అజినమోటో ఒక గ్రాము వేసినను దానివలన వచ్చు సోడియము 120 మిల్లీగ్రాములు మాత్రమే, ఏలయన అందు సోడియము నూటికి 12 వంతులు. ఉప్పులో 39 వంతులు. చిల్లీ సాసు లెక్క వేరు. ఒక్క పళ్ళెముతో దినమంతటి ఉప్పు ముగిసినది. ఇంటికి వచ్చి తిను పెరుగన్నము, ఊరగాయ ఆపై లెక్క.

టమాటా పక్షమువారు సంతోషింపనక్కరలేదు. ఒక కిలో కట్‌కు రెండు చిన్న చెంచాల ఉప్పు పడినచో ఐదుగురిలో ఒక్కొక్కరికి 2 గ్రాములు చేరును. సీసా సాసు అరకప్పులో సోడియము తరచుగా 400 నుండి 500 మిల్లీగ్రాముల వరకు ఉండును. ఉప్పులో చెప్పవలెనన్న ఒక గ్రాము పైమాట. దానిపై చీజు తురిమినచో ఇంకను పెరుగును. సీసాపై సోడియము మిల్లీగ్రాములలో వ్రాసి యుండును. దానిని రెండున్నరతో హెచ్చించి వెయ్యితో భాగించినచో ఉప్పు ఎన్ని గ్రాములో తెలియును. ఈ చిన్న లెక్క బడికి పోవు పిల్లలచేత చేయించవచ్చును. పాస్తా సాసును, టమాటా కెచప్‌ను ఒకటిగా భావింపరాదని కూడ చెప్పవలెను. కెచప్‌లో 100 గ్రాములకు 20 గ్రాములకు పైగా చక్కెర యుండుట సాధారణము. కెచప్ పోసిన నూడిల్సు పాస్తా కాజాలదు.

ఈ జాగ్రత్త ఎందులకు? 2023లో ప్రకటింపబడిన భారత వైద్య పరిశోధనా మండలి వారి దేశవ్యాప్త పరిశీలనలో, 20 ఏండ్లు దాటినవారిలో నూటికి 35 మందికి పైగా రక్తపుపోటు ఉన్నట్లు తేలినది. రక్తపుపోటు నొప్పి లేకుండ వచ్చును. గుండెను, మూత్రపిండములను, మెదడును లోలోపల చెఱచును. అధికమైన ఉప్పు దానికి ముఖ్య కారణములలో ఒకటి. టమాటాలోని పొటాషియము సోడియము చేయు కీడును కొంతవరకు తగ్గించును. అయితే మూత్రపిండముల వ్యాధి కలిగి, పొటాషియము తగ్గించుకొనుమని వైద్యుడు చెప్పినవారు టమాటా రసమును, సాసును ఆయన సలహాపై మాత్రమే పుచ్చుకొనవలెను.

ఇట్టి విషయములలో మనకు మార్గము చూపు సంస్థ మన నగరములోనే యున్నది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ప్రారంభించిన చిన్న పరిశోధన శాఖ, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు పొందినది. తార్నాకలోని ఈ సంస్థవారు 2017లో భారతీయ ఆహార పదార్థముల పోషక పట్టికలను, 2024లో భారతీయులకు నూతన ఆహార మార్గదర్శక సూత్రములను ప్రకటించిరి. ఉప్పును దినమునకు 5 గ్రాములు దాటనీయరాదనియు, దినపు ఆహారములో కూరగాయలు, పండ్లు సగభాగము వరకు ఉండవలెననియు వారి బోధ.

ఈ సూత్రములతో రెండు పళ్ళెములను చక్కదిద్దవచ్చును. కట్‌లో ఉప్పు ఒకటింబావు చెంచాకు తగ్గించి, కరివేపాకు, వెల్లుల్లి, జీలకర్ర కొంత హెచ్చించిన రుచి లోపింపదు; టమాటాలోని గ్లూటమేటు తోడ్పడును. గ్రుడ్డు తిననివారు ఉడికించిన శనగలను చేర్చుకొనవచ్చును. అన్నము తగ్గించి కట్ పెంచవలెను. నూడిల్సు ఇంటిలో వండునప్పుడు, నూడిల్సు ఎంతయో కూరగాయలు అంత యుండునట్లు చూడవలెను. నూనె మనిషికి ఒక చిన్న చెంచా చాలును. సోయా సాసు వేసినచో ఉప్పు వేయనక్కరలేదు, సోయాయే ఉప్పు. బండి వద్ద కూడ ఉప్పు వలదనియు, సోయా సగము చాలుననియు, గ్రుడ్డును క్యాబేజిని ఎక్కువ వేయుమనియు చెప్పవచ్చును. మన కన్నుల యెదుటనే వండు బండి వద్ద ఈ సౌకర్యము కలదు. మూత బిగించిన సీసా వద్ద లేదు.

కావున ప్రశ్నకు సమాధాన మిది. నేడు సామాన్యముగా దొరకు రూపములలో చూచినచో, టమాటా కట్‌తో అన్నము గాని, టమాటా సాసుతో పాస్తా గాని, బండిమీది నూడిల్సు కంటె మేలైన భోజనము. అందుకు కారణము కూరగాయ ఎక్కువగా, నూనె, ఉప్పు తక్కువగా ఉండుటయే కాని, ఒకటి మన వంట, వేరొకటి పరదేశపు వంట అగుట కాదు. అజినమోటో అంతకంటె కాదు. ఉప్పు చేయి మీరిన కట్ తన ఆధిక్యమును పోగొట్టుకొనును. కూరగాయలు నిండిన, సోయా తగ్గిన నూడిల్సు దానితో సమానముగా నిలువగలవు. పిల్లవాడు నూడిల్సు అడిగినప్పుడు కాదనుటకు ముందు, కడాయిలో పడు కూరగాయలు ఎన్ని పిడికిళ్ళో, ఉప్పు ఎన్ని చెంచాలో లెక్కించుట మంచిది. అదే లెక్కను ఆ రాత్రి మన కట్‌కు కూడ వేయవలెను.